ప్రాజెక్టు గైడుకు దక్కేది

పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. పక్కనే పర్లాకిమిడి. నౌపడా నుంచి గుణుపురం పోయే రైలు ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరే పిల్లలకు పట్టా ఇచ్చేది ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం. 2008లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం కింద ఉన్న మిగతా కాలేజీల్లాగే ఇక్కడి విద్యార్థి కూడా డిగ్రీ పూర్తయ్యేలోగా తరగతి గది బయట, తనంతట తానుగా, ఒక ప్రాజెక్టు చేసి నివేదిక రాసి ఇవ్వాలి. ఆ నివేదిక వెనక ఒక లెక్చరర్ ఉంటారు. విషయం తేల్చేది, ప్రశ్నావళి దిద్దేది, లాగ్‌బుక్ చూసేది, చివర్లో సంతకం పెట్టేది ఆయనే. కాలేజీ భాషలో ఆయన గైడ్, లేదా మెంటర్.

ఈ పనికి ఆ లెక్చరర్‌కు విడిగా ఏమైనా ముడుతుందా అంటే, రెగ్యులర్ ఉద్యోగికి సాధారణంగా ముట్టదు. నెల జీతంలోనే ఇది కూడా కలిసి ఉందన్నది వ్యవస్థ భావన. కానీ జీతం ఏ పనికి, ఎన్ని గంటలకు అన్న లెక్కలో ఈ పని ఎక్కడ కనిపిస్తుందో వెతికితే, పీహెచ్‌డీ స్థాయిలో బాగా కనిపిస్తుంది, పీజీ స్థాయిలో కొంచెం కనిపిస్తుంది, డిగ్రీ స్థాయికి వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. చదువు చెప్పేవారికి అన్యాయం జరిగేది ఆ మాయమయ్యే చోటే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్నకు బరువు పెరిగింది 2020-21 విద్యా సంవత్సరం నుంచి. ఆ ఏడాది రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్య ప్రణాళికను మార్చి, 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను అందులో తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం అయ్యాక సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. మొదటిదాన్ని పిల్లలూ మాస్టార్లూ సీఎస్‌పీ అంటారు. దానికి 180 గంటలు, 4 క్రెడిట్లు, 100 మార్కులు. అంటే ఒక్కో క్రెడిట్‌కు విద్యార్థి 45 గంటలు పెట్టాలి. విద్యార్థి గంటలను ఇంత కచ్చితంగా రాసిపెట్టిన చోట, అతన్ని నడిపించే అధ్యాపకుడి గంటలు ఎన్నో అంత కచ్చితంగా రాసిపెట్టలేదు.

సీఎస్‌పీ రెండు భాగాలు. విద్యార్థి తన ఇంటికి దగ్గరగా ఉన్న పల్లెనో వార్డునో ఎంచుకుని, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేలా చూసుకుని, ముందు ఇంటింటి సర్వే చేయాలి. తర్వాత ఆ సర్వేలో తేలిన ఒక సమస్యపై ఏదో ఒక అవగాహన కార్యక్రమమో చిన్న పనో చేపట్టాలి. రోజువారీ పని లాగ్‌బుక్‌లో ఎక్కించాలి, నివేదిక రాయాలి, అందరి ముందూ వివరించాలి. మార్కులు వీటన్నిటికీ పంచుతారు.

కాగితం మీద ఇది తేలికగా కనిపిస్తుంది. పాతపట్నం ప్రాంతంలో దీని అర్థం వేరు. ఈ చుట్టుపక్కల విద్యార్థికి అందే విషయాలు ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడినైనా ఊరించేవి: మెళియాపుట్టి వైపు కొండల్లోని సవర గిరిజనుల గూడేలు, వంశధార మీద హిరమండలం గొట్టా బ్యారేజీ, అక్కడి రిజర్వాయరు కింద ముంపుకు గురైన ఊళ్ల వాళ్ల బతుకు, పలాస జీడిపప్పు పరిశ్రమకు సరుకు పంపే తోటలు, తీరం వైపు ఉద్దానం మండలాలను ఏళ్లుగా పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక గూడెంలోకి వెళ్లి ఇంటింటికీ తిరిగి ఆదాయం ఎంత, నీళ్లు ఎక్కడివి, జబ్బులు ఏమిటి అని అడగాలంటే, ఎలా అడగాలో ఎవరో ఒకరు ముందు నేర్పాలి. ప్రశ్న తెలుగులో వేస్తే సవర అవ్వకు అర్థమవుతుందా అన్నది చూడాలి. కిడ్నీ రోగి ఇంట్లో ఏది అడగవచ్చో ఏది అడగకూడదో చెప్పాలి. గ్రామ సచివాలయం సిబ్బందికీ సర్పంచ్‌కూ మాట చెప్పాలి. తెచ్చిన లెక్కలు పట్టికలో సరిగ్గా పడ్డాయా చూడాలి. నివేదికలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాశారా అని పట్టుకోవాలి. ఇదంతా పాఠం చెప్పడమే, అదీ ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే పాఠం. బల్లల ముందు అరవై మందికి ఒకేసారి చెప్పే పాఠం కన్నా ఇదే కష్టం.

ఆ కష్టానికి నిబంధనల్లో చోటు ఉందా అని చూస్తే, ముందు చదవాల్సింది విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నియమావళి. యూజీసీ లెక్క ప్రకారం పూర్తికాలం అధ్యాపకుడు వారానికి 40 గంటలకు తక్కువ కాకుండా, ఏడాదిలో 30 పని వారాలు, అంటే 180 బోధనా దినాలు పనిచేయాలి. నేరుగా బోధించే గంటలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14. రోజుకు కనీసం 5 గంటలు కాలేజీలో అందుబాటులో ఉండాలి. ఇవి కాక, డిగ్రీ విద్యార్థుల సామాజిక కార్యక్రమాలు, సహపాఠ్య కార్యక్రమాలు, గ్రంథాలయ సలహాల కోసం రోజుకు కనీసం 2 గంటలు కేటాయించాలి. ఒక్కో సమన్వయకర్త చేతి కింద కనీసం 15 మంది విద్యార్థులు ఉండాలి. పీజీ స్థాయిలో ఆ 2 గంటలు పరిశోధనకు.

కాబట్టి గైడ్ పని జీతం లేని పని అని చట్టం ఎక్కడా అనదు. 40 గంటల మూటలో దాన్నీ కట్టింది. చిక్కు వేరే ఉంది. టైంటేబుల్‌లో పీరియడ్‌గా కనిపించేది ఆ 16 గంటలే. కాలేజీలో వర్క్‌లోడ్ లెక్కించేటప్పుడు, ఒక సబ్జెక్టుకు ఎంతమంది లెక్చరర్లు కావాలో తేల్చేటప్పుడు, పీరియడే కొలబద్ద. గైడ్ చేసిన గంట పీరియడ్ కాదు కనుక దానికోసం కొత్త పోస్టు రాదు.

చిన్న లెక్క వేసి చూడొచ్చు. వారానికి 16 గంటల చొప్పున 30 వారాలకు 480 గంటలు. ఒక లెక్చరర్‌కు 30 మంది విద్యార్థులను అప్పగించి, ఒక్కొక్కరి మీద మొత్తం 5 గంటలు మాత్రమే పెట్టారనుకుందాం. అదే 150 గంటలు. ఏడాది బోధనలో దాదాపు మూడో వంతు. ఇందులో ఊళ్లకు ప్రయాణాలు కలపలేదు. లెక్చరర్ల కొరత ఉన్న చోట ఒక్కరి చేతి కిందకే ఇంకా ఎక్కువ మంది వస్తే, విద్యార్థికి అందే 5 గంటలూ ఏ రెండు గంటలకో కుదించుకుపోతాయి. అప్పుడు మిగిలేది సంతకమే.

అదే అధ్యాపకుడు పీహెచ్‌డీ గైడ్ అయితే కథ మారుతుంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 గురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 గురిని మించి పర్యవేక్షించకూడదు. అంటే ఆ పనికి సమయం పడుతుందని యూజీసీయే ఒప్పుకుని గీత గీసింది. పైగా 2018 నియమావళిలోని పరిశోధన స్కోరు పట్టికలో, పీహెచ్‌డీ పట్టా వచ్చిన ఒక్కో విద్యార్థికి గైడ్‌కు 10 పాయింట్లు, సిద్ధాంత గ్రంథం సమర్పించి ఉంటే 5. ఇద్దరు కలిసి పర్యవేక్షిస్తే చెరి 7. ఎంఫిల్ లేదా పీజీ డిసర్టేషన్‌కు పట్టా ఒక్కొక్కటికి 2. నేరుగా జరిగే నియామకాల్లో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు 75, ప్రొఫెసర్ పోస్టుకు 120 పరిశోధన స్కోరు కావాలి కనుక ఈ పాయింట్లు ఉద్యోగంలో పైమెట్టుకు దారి. డబ్బు నేరుగా చేతికి రాకపోయినా, ఆ మెట్టెక్కాక జీతంలో వచ్చి చేరుతుంది.

డిగ్రీ ప్రాజెక్టుకు ఆ పట్టికలో వరుసే లేదు. పదోన్నతికి చూసే విద్యార్థి కార్యకలాపాల జాబితాలో క్షేత్ర కార్యక్రమాల ప్రస్తావన ఉంది. పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉండటాన్ని మాత్రం అందులో పేరు పెట్టి విడిగా రాశారు. పాతపట్నం లాంటి చోట ఉన్న కాలేజీ డిగ్రీ వరకే చెబుతుంది. అక్కడి లెక్చరర్ తన సర్వీసంతా వందల ప్రాజెక్టులు దిద్దినా, పరిశోధన స్కోరులో ఆ పేరు మీద ఒక్క పాయింటూ చేరదు. మారుమూల పిల్లల మొదటి పరిశోధన ఎలా ఉండాలో నిర్ణయించేది ఆయనే అయినా ఇంతే.

బాధ్యత మాత్రం ఏ స్థాయిలోనూ తగ్గలేదు. 2018లోనే వచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు, తన పర్యవేక్షణలో జరిగిన పరిశోధన నకలు కాదని ప్రతి పర్యవేక్షకుడూ ధ్రువపత్రం ఇవ్వాలన్నాయి. ఆ సంతకం కింద ఆయన పరువు ఉంటుంది.

విశ్వవిద్యాలయాల్లో ఈ పని చుట్టూ డబ్బు అసలు తిరగదని కాదు. తిరిగేది పరీక్ష వైపు. సిద్ధాంత గ్రంథాన్ని పరిశీలించే బయటి పరీక్షకుడికి రెమ్యునరేషన్ ఇస్తారు. వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్‌కు ప్రయాణ ఖర్చులిస్తారు. ఏడాదిపాటు ఆ పని చేయించిన గైడ్‌కు చేయించినందుకు బిల్లు పెట్టే పద్ధతి లేదు. ఒక పూటలో దిద్దేవారి పని గంటల్లో కొలవగలిగింది కాబట్టి దానికి రేటు వచ్చింది. ఏడాదంతా కొద్దికొద్దిగా జరిగే పనికి రేటు కట్టే తీరిక ఎవరికీ లేకపోయింది.

దూరవిద్య ఇక్కడ వేరే దారి పట్టింది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఊరూరా సొంత అధ్యాపకులు లేరు. ఎక్కడి విద్యార్థి అక్కడే అర్హత ఉన్న ఒక గైడ్‌ను వెతుక్కోవాలి. అందుకే ఇగ్నో తన కొన్ని కోర్సుల ప్రాజెక్టు పుస్తకాల్లోనే గైడ్ నింపాల్సిన రెమ్యునరేషన్ ఫారం జతచేసింది. మొత్తం నామమాత్రమే. అయినా ఒక విద్యార్థికి ఒక గైడ్ చేసిన పనికి విడిగా ఒక ధర ఉంటుందని ఒప్పుకున్న ఫారం అది. వేరే కాలేజీలో జీతం తీసుకునే మనిషి చేత పని చేయించుకున్నప్పుడు డబ్బివ్వాలని తోచింది. సొంత కాలేజీ మనిషి చేత చేయించుకున్నప్పుడు ఆ ఆలోచనే రాదు.

విదేశాల్లో ఈ లెక్క మరీ సూక్ష్మంగా వేసిన చోట్లున్నాయి. తెలుగు విద్యార్థులు ఎంఎస్ కోసం పెద్ద సంఖ్యలో వెళ్లే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ అందులో ఒకటి. అక్కడ అధ్యాపకుడి పూర్తి పనిభారం 15 యూనిట్లు. అందులో 12 బోధనకు, 3 ఇతర విధులకు. 1976 నాటి ఒక పత్రం ఆధారంగా, ఒక్కో విద్యార్థిని విడిగా పర్యవేక్షించే కోర్సులకు విద్యార్థుల లెక్కన యూనిట్లు కట్టారు. కోర్సు రకాన్ని బట్టి ఒక్కో విద్యార్థికి పావు యూనిట్, మూడో వంతు, లేదా అర యూనిట్. మూడో వంతు రకంలో 9 మంది విద్యార్థులుంటే 3 యూనిట్లు, అంటే ఒక మామూలు కోర్సు చెప్పినట్టే. పైన చెప్పిన 30 మందినే ఆ కొలతలో పెడితే 10 యూనిట్లు వస్తాయి. 12 యూనిట్ల బోధనలో మిగిలేది రెండే. అన్ని క్యాంపస్‌లలో, అన్ని డిపార్ట్‌మెంట్లలో ఈ కొలత పూర్తిగా అమలవుతుందని కాదు, దానికి బడ్జెట్ కావాలి. కానీ అడగడానికి అక్కడ అధ్యాపకుడి చేతిలో ఒక సంఖ్య ఉంది.

అమెరికాలో మిగతా చోట్ల రకరకాలు. కొన్ని కాలేజీలు క్రెడిట్‌కు ఇంత అని చిన్న మొత్తం ఇస్తాయి. కొన్ని ఆ క్రెడిట్లను అధ్యాపకుడి ఖాతాలో జమ వేసి, తగినన్ని పోగయ్యాక ఒక సెమిస్టర్‌లో ఒక కోర్సు తగ్గిస్తాయి. చాలా చోట్ల ఇండిపెండెంట్ స్టడీ చేయించడం విద్యార్థి మీద అభిమానంతో చేసే సాయంగానే సాగుతోంది.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ఒకరిద్దరు విద్యార్థులతో కూర్చుని వాళ్లు రాసిన వ్యాసం మీద మాట్లాడే సూపర్‌విజన్‌కు కాలేజీలు గంటల లెక్కన డబ్బిస్తాయి. కాలేజీల్లో స్థిరమైన ఉద్యోగం లేని యువ పరిశోధకులు చాలామంది ఆ గంటల మీదే ఆధారపడతారు. కూర్చున్న గంటకే డబ్బు, ముందు రాత్రి వ్యాసాలు చదివిన సమయానికి ఎందుకు లేదని అక్కడి అధ్యాపక సంఘం ఉద్యమమే నడిపింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి ఆ కేంబ్రిడ్జిలోనే, సెయింట్ జాన్స్ కాలేజీలో చదువుకుని వచ్చినవారు. 1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయం మాత్రం మిగతా భారతీయ విశ్వవిద్యాలయాల్లాగే ఉపన్యాసాన్నీ పరీక్షనూ కేంద్రంగా చేసుకుని పెరిగింది. ఒక్కో విద్యార్థితో గడిపే గంటకు లెక్కల పుస్తకంలో చోటు అప్పటి నుంచీ లేదు.

ప్రతిఫలం లేని అధ్యయనానికి ఈ నేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం పిల్లలకు పాఠాలు చెప్పినందుకు. సవర భాష నేర్చుకోమని ఎవరూ ఆయనకు ఉత్తర్వు ఇవ్వలేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఆయన దగ్గర ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పేందుకు సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం నగదు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1913లో ప్రభుత్వ బిరుదు వచ్చింది. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. ముప్పై ఏళ్లు బడి జీతం మీద బతికి ఉద్యోగం మానిన మనిషి ఆ తర్వాత కూడా దశాబ్దాలు ఈ పని చేశారు.

గిడుగును చూపించి, నిజమైన గురువు డబ్బు అడగడని చెప్పడం మాత్రం తగదు. ఆయన త్యాగం ఆయన ఎంచుకున్నది. ఇప్పటి లెక్చరర్‌కు విద్యార్థుల ప్రాజెక్టులను అప్పగించింది ప్రభుత్వ ఉత్తర్వు. ఉత్తర్వు ఇచ్చి చేయించే పనికి లెక్క కట్టే బాధ్యత కూడా ఉత్తర్వు ఇచ్చినవారిదే.

అన్నిటికన్నా ఇబ్బంది గెస్ట్ లెక్చరర్‌ది. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఏడో వేతన సవరణ ప్రకారం ప్రారంభ మూలవేతనం నెలకు 57,700 రూపాయలు. గైడ్ పని లెక్కలో కనపడకపోయినా ఆ జీతం ఆగదు. గెస్ట్ లెక్చరర్‌కు చెల్లింపు పీరియడ్ లెక్కన. 2019 జనవరిలో యూజీసీ ఒక్కో ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 రూపాయలు అని మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్ర కాలేజీల్లో చేతికందేది సాధారణంగా ఇంతకంటే తక్కువ. ఉపన్యాసానికి రేటు ఉంది, ప్రాజెక్టు దిద్దిన మధ్యాహ్నానికి లేదు. రెగ్యులర్ పోస్టులు ఖాళీగా ఉన్న కాలేజీల్లో ప్రాజెక్టులు చూసేది చాలావరకు గెస్ట్, కాంట్రాక్టు లెక్చరర్లే. గెస్ట్ లెక్చరర్ విషయంలో మాత్రం గైడ్ పని నిజంగానే ఉచిత సేవ.

డబ్బు లేకున్నా గుర్తింపు దక్కే దారి ఒకటి తెలంగాణలో ఉంది. అక్కడ కాలేజీ విద్యాశాఖ జిజ్ఞాస పేరుతో డిగ్రీ విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు రాష్ట్రస్థాయి పోటీలు పెడుతోంది. విద్యార్థులు జట్లుగా, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో పనిచేస్తారు. బహుమతి విద్యార్థులది. గైడ్ పేరు ప్రాజెక్టు మీద ఉండటమే అక్కడ గుర్తింపు. గుర్తింపు చిన్న విషయం కాదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ పేరు రాష్ట్రస్థాయి వేదిక మీద వినిపించే సందర్భాలు ఎన్ని ఉంటాయి గనక.

రాబోయే ఏళ్లలో ఈ భారం ఇంకా పెరుగుతుంది. 2022 డిసెంబరులో యూజీసీ విడుదల చేసిన నాలుగేళ్ల డిగ్రీ చట్రంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్న విద్యార్థి నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. ఆ ఏడాది అతను 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయాలి. ఇప్పటివరకు పీజీలో ఉన్న పని డిగ్రీలోకి దిగివస్తోందన్నమాట. డిగ్రీకే పరిమితమైన చిన్న కాలేజీలు ఆ అవకాశాన్ని తమ పిల్లలకు ఇవ్వాలంటే, గైడ్ చేయగల రెగ్యులర్ అధ్యాపకులు ముందు ఉండాలి.

మార్పు సూచన ఒకటి 2025 జనవరిలో వచ్చిన యూజీసీ ముసాయిదా నిబంధనల్లో కనిపించింది. పాయింట్ల పట్టిక తీసేసి, దాని స్థానంలో అధ్యాపకుడి విశేష కృషికి తొమ్మిది రంగాలు పెట్టి, వాటిలో కనీసం నాలుగింటిలో పని చూపించాలంది. కొత్త రకం బోధన, భారతీయ భాషల్లో బోధన, సామాజిక సేవ లాంటి వాటి పక్కన విద్యార్థుల ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టుల పర్యవేక్షణను కూడా ఒక రంగంగా చేర్చింది. పీహెచ్‌డీ అని షరతు లేదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ రోజూ చేసే పనికి నియామకాల్లో, పదోన్నతుల్లో పేరు పెట్టి చోటు చూపించిన ప్రతిపాదన అది. టైంటేబుల్‌లో గంటలు పెరగాలంటే మాత్రం అది చాలదు. ప్రాజెక్టు గంటలను పీరియడ్‌లుగా మార్చే కొలత ఒకటి రాష్ట్ర స్థాయిలో ఉండాలి, ఆ కొలతను వర్క్‌లోడ్ లెక్కలోకి తీసుకోవాలి, గెస్ట్ లెక్చరర్ బిల్లులో ఆ గంటలకు ఒక గడి ఉండాలి. పదోన్నతి అన్నదే లేని గెస్ట్ లెక్చరర్‌కు ముసాయిదాలోని తొమ్మిది రంగాల వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఆ బిల్లు కాగితంలో గడి వస్తేనే ఆయనకు ఈ పని తాలూకు డబ్బు అందుతుంది.